గట్టు మీది గడ్డి చేమంతిని పీకడం ఎందుకు మానేశానంటే

వీడియోలో మా పుచ్చ చేను గట్ల మీద నేలకు అంటుకుని పాకుతూ, పొడుగాటి కాడల చివర చిన్న పూలతో కనిపిస్తున్నది గడ్డి చేమంతి. కొన్ని ఊళ్లలో గాయపాకు అంటారు. దెబ్బ తగిలితే ఆకు నలిపి పసరు పిండుతామే, అదే.

ఒకప్పుడు కలుపని గట్లన్నీ శుభ్రంగా చెక్కించేవాణ్ని. ఒక ఏడాది పుచ్చకి పూత బాగానే వచ్చింది గానీ పిందెలు సగం రాలిపోయాయి, నిలిచినవేమో వంకర తిరిగాయి. బలం చాల్లేదేమోనని జీవామృతం పెంచినా మార్పు లేదు. ఒకరోజు పొద్దున్నే చేలో కూర్చుని చూస్తే తెలిసింది: పూలున్నాయి, తేనెటీగలే లేవు.

పుచ్చలో మగపూలు, ఆడపూలు వేరు. ఆడపువ్వు విచ్చుకునేది ఒక్కపూటే. ఆలోగా పుప్పొడి అందకపోతే పిందె రాలుతుంది, అరకొరగా అందితే కాయ వంకర.

పుచ్చ పూసేది కొన్ని వారాలే. మిగతా రోజులు తేనెటీగలకు తిండేది? గడ్డి చేమంతి ఏడాది పొడవునా పూస్తుంది. అందుకే గట్ల మీద వదిలేశా. కణుపు మట్టికి తగిలిన చోటల్లా వేరు పోసుకుని గట్టు మట్టిని కూడా పట్టి ఉంచుతోంది.

ఒక జాగ్రత్త. దీని విత్తనం గాలికి ఎగురుతుంది, సాళ్లలో మొలిస్తే వెంటనే పీకేయాలి. గట్టంతా ఒకేసారి కోయొద్దు. ఒక పక్క కోసి, అది మళ్లీ పూశాక రెండో పక్క కోయండి. కషాయాలు సాయంత్రం పూటే కొట్టండి.

వంకర కాయలు పూర్తిగా పోయాయని చెప్పను, బాగా తగ్గాయి. మీ గట్ల మీద ఏం పూస్తోందో రేపు పొద్దున ఒకసారి చూడండి.