గడువు తీరిన డొమైన్ పేరు: గ్రేస్ పీరియడ్ హక్కా, వెసులుబాటా? - ఇ-పత్రికల మనుగడ దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అంతర్జాల పరిశోధన పత్రికకు డొమైన్ పేరే శాశ్వత చిరునామాగా చలామణి అవుతోంది. నమోదు గడువు ముగిసినా మరికొన్ని వారాలపాటు మామూలు రుసుముతోనే ఆ పేరును నవీకరించుకోవచ్చన్న నమ్మకం సంస్థల్లోనూ సంపాదకవర్గాల్లోనూ బలంగా ఉంది. ఈ నమ్మకానికి మూలమైన గ్రేస్ పీరియడ్ నమోదుదారుకు దక్కిన హక్కు కాదనీ, రిజిస్ట్రార్ తన వ్యాపార విధానంలో భాగంగా ఇచ్చే వెసులుబాటు మాత్రమేననీ ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ వెసులుబాటు కుదించుకుపోయినప్పుడు పేరు చేజారే క్రమాన్ని, దానివల్ల పరిశోధనరంగానికి కలిగే నష్టాన్ని, నివారణోపాయాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: డొమైన్ పేరు, రిజిస్ట్రార్, రిజిస్ట్రీ, గ్రేస్ పీరియడ్, ఐకాన్, ఇ-పత్రికలు, ఉల్లేఖన విశ్వసనీయత.

1. ఉపోద్ఘాతం

అమెరికా సుప్రీంకోర్టు 2011లో బ్రౌన్ వర్సెస్ ఎంటర్‌టైన్‌మెంట్ మర్చంట్స్ అసోసియేషన్ కేసులో తీర్పు వెలువరించింది. ఆ తీర్పు ఫలితంతో ఏకీభవిస్తూ జస్టిస్ శామ్యూల్ అలీటో విడిగా రాసిన అభిప్రాయంలో ఒక అంతర్జాల పుటను ఆధారంగా చూపారు. కొంతకాలానికి ఆ పుట కనుమరుగైంది. ఆ డొమైన్ పేరును వేరొకరు కొనుక్కొని, న్యాయమూర్తి చూపిన సమాచారం ఇక్కడ లేకుండా పోయిందనీ, అంతర్జాల ఆధారాలు ఎంత అశాశ్వతమో చెప్పడానికే ఈ పేరును ఎవరైనా కొనవచ్చుననీ ఎత్తిపొడిచే ఒక వ్యాఖ్యను అక్కడ ఉంచారు. తీర్పు పాఠంలో ఒక్క అక్షరమూ మారలేదు. దాని ఆధారం మాత్రం మారిపోయింది.

దేశ అత్యున్నత న్యాయస్థానపు ఉల్లేఖనకే ఈ స్థితి ఏర్పడినప్పుడు, పరిమిత నిధులతో నడిచే పరిశోధన పత్రికల పరిస్థితి ఆలోచించదగినది. వ్యాసం సర్వర్‌లో భద్రంగా ఉన్నా, దానికి దారిచూపే పేరు పరాధీనమైతే పాఠకుడికి అది లేనట్టే. అందువల్ల డొమైన్ పేరు ఎలా దక్కుతుంది, ఎలా చేజారుతుంది అన్నది సాంకేతిక నిపుణులకే పరిమితమైన విషయం కాదు; ఉల్లేఖనలపై ఆధారపడే ప్రతి పరిశోధకుడికీ సంబంధించినది.

2. డొమైన్ పేరు స్వభావం

సంఖ్యారూపంలోని కంప్యూటర్ చిరునామాలకు బదులు మనుషులు గుర్తుంచుకోగల పేర్లను వాడే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను పాల్ మొకపెట్రిస్ 1983లో రూపొందించాడు. 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ ఈ పేర్ల వ్యవస్థను అంతర్జాతీయంగా సమన్వయపరుస్తోంది. ఇందులో మూడు అంచెలున్నాయి. డాట్‌కామ్ వంటి ఒక విభాగంలోని పేర్లన్నింటి మూలపట్టికను నిర్వహించేది రిజిస్ట్రీ. డాట్‌కామ్‌కు వెరిసైన్ సంస్థ రిజిస్ట్రీగా ఉంది. ప్రజలకు పేర్లను నమోదుచేసి రుసుము వసూలుచేసేది రిజిస్ట్రార్. పేరును తీసుకొని వాడుకొనేవారు నమోదుదారు.

వాడుకలో డొమైన్ పేరును 'కొన్నాం' అంటారు. వాస్తవానికి జరిగేది కొనుగోలు కాదు. కనిష్ఠంగా ఒక సంవత్సరానికి, గరిష్ఠంగా 10 సంవత్సరాలకు ఆ పేరును వాడుకొనే అవకాశం ఒప్పందం ద్వారా లభిస్తుంది. ఇది భూమిని కొనడంకన్నా కౌలుకు తీసుకోవడానికి దగ్గరగా ఉంటుంది. న్యాయస్థానాలు ఈ అంశాన్ని పలువిధాలుగా చూశాయి. నెట్‌వర్క్ సొల్యూషన్స్ వర్సెస్ అంబ్రో కేసులో 2000లో వర్జీనియా సుప్రీంకోర్టు డొమైన్ పేరు సేవా ఒప్పందం నుంచి పుట్టినదని భావించింది. సత్యం ఇన్ఫోవే వర్సెస్ సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో 2004లో భారత సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలున్నాయని గుర్తించి రక్షణ కల్పించింది. అయితే ఈ రక్షణ పేరును మోసపూరితంగా అనుకరించేవారికి వ్యతిరేకంగా పనిచేసేది. గడువులోగా రుసుము కట్టని నమోదుదారుకు ఒప్పందకాలాన్ని అది పొడిగించదు.

3. గడువు ముగిసిన తరువాతి దశలు

డాట్‌కామ్, డాట్‌నెట్, డాట్‌ఆర్గ్ వంటి సాధారణ విభాగాల్లో గడువు ముగిసిన పేరు స్థూలంగా మూడు దశలు దాటుతుంది.

మొదటిది స్వయంనవీకరణ దశ. గడువు ముగిసిన రోజునే రిజిస్ట్రీ ఆ పేరును తన పట్టికలో ఒక సంవత్సరానికి పొడిగించి, రుసుమును రిజిస్ట్రార్ ఖాతాలో వేస్తుంది. 45 రోజుల్లోగా రిజిస్ట్రార్ ఆ పేరును తొలగిస్తే రుసుము తిరిగివస్తుంది.

రెండవది విమోచన దశ. రిజిస్ట్రార్ పేరును తొలగించిన తరువాత 30 రోజులపాటు పూర్వపు నమోదుదారు దానిని పునరుద్ధరించుకోవచ్చు. దీనికయ్యే రుసుము సాధారణ నవీకరణ రుసుముకన్నా చాలా ఎక్కువగా ఉండడం పరిపాటి.

మూడవది తొలగింపు దశ. ఈ 5 రోజుల్లో ఎవరూ ఏమీ చేయలేరు. ఆ తరువాత పేరు బహిరంగమవుతుంది. ముందు అడిగినవారికే దక్కుతుంది. ఇలా విడుదలయ్యే పేర్ల కోసం క్షణాల్లో దరఖాస్తులు పంపే యంత్రాంగాలు పనిచేస్తుంటాయి కాబట్టి మామూలు నమోదుదారు వాటితో పోటీపడడం కష్టం.

ఈ 45, 30, 5 రోజులను కూడి, గడువు దాటినా 80 రోజుల వ్యవధి ఉంటుందని చాలామంది లెక్కవేస్తారు. ఈ లెక్క సరైనది కాదు.

4. గ్రేస్ పీరియడ్ ఎవరి కోసం?

'గ్రేస్ పీరియడ్' అన్న మాట భారతీయ పాఠకులకు జీవితబీమా ద్వారా సుపరిచితం. వార్షిక ప్రీమియం గడువు దాటినా 30 రోజులు, నెలవారీ ప్రీమియమైతే 15 రోజులు వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని నియంత్రణసంస్థ నిబంధనలు పాలసీదారుకే కల్పించాయి. బీమాసంస్థ దానిని తన ఇష్టప్రకారం తగ్గించలేదు.

డొమైన్ పేరు విషయంలో అదే మాట వేరే అర్థంలో వాడుకలోకి వచ్చింది. పైన చెప్పిన 45 రోజుల వ్యవధి రిజిస్ట్రీకీ రిజిస్ట్రార్‌కూ మధ్య లెక్కలు సరిచూసుకోవడానికి ఏర్పడినది. అందులో నమోదుదారుకు ఎన్ని రోజులు పంచాలో రిజిస్ట్రారే నిర్ణయించుకుంటుంది. ఐకాన్‌తో రిజిస్ట్రార్లు చేసుకొనే గుర్తింపు ఒప్పందం ప్రకారం నవీకరణకు సమ్మతి అందని పేరును 45 రోజుల వ్యవధి ముగిసేలోగా రద్దుచేయాలి. అంతకన్నా ముందే రద్దుచేసే స్వేచ్ఛ కూడా రిజిస్ట్రార్‌కు ఉంది. ఒకరు 40 రోజులు ఇవ్వవచ్చు, మరొకరు 20 రోజులు ఇవ్వవచ్చు, వేరొకరు ఒక్కరోజూ ఇవ్వకపోవచ్చు.

నమోదుదారుకు ఖాయంగా దక్కేవి కొన్ని ఉన్నాయి. 2013 ఆగస్టు 31న అమలులోకి వచ్చిన ఐకాన్ విధానం ప్రకారం గడువుకు సుమారు నెలరోజుల ముందు ఒకసారి, వారం ముందు మరొకసారి, గడువు ముగిసిన 5 రోజుల్లోగా ఇంకొకసారి రిజిస్ట్రార్ హెచ్చరిక పంపాలి. నవీకరణ, పునరుద్ధరణ రుసుములను ప్రకటించాలి. గడువు ముగిసి 8 రోజులు దాటాక తొలగించే పేరైతే, నవీకరణకు అవకాశమున్న చివరి 8 రోజులైనా సైటు పనిచేయకుండా ఆపాలి. సైటు ఆగితేనైనా నమోదుదారు మేలుకొంటాడన్నది దీని ఉద్దేశం.

రిజిస్ట్రార్ తన తొలగింపు విధానాన్ని ఒప్పందకాలం మధ్యలో మార్చినప్పుడు ఏం జరుగుతుంది? గుర్తింపు ఒప్పందం దీనికి కూడా ఒక నియమం చెప్పింది. ఇతర ముఖ్యమైన మార్పులను తెలియజేయడానికి చేసే ప్రయత్నమే ఈ మార్పును తెలియజేయడానికీ చేయాలి. అంటే మార్పును తెలపవలసిన బాధ్యత ఉంది. పాత వ్యవధిని కొనసాగించవలసిన బాధ్యత లేదు. నమోదుదారు చదవని ఒక ఈమెయిల్‌తో ఆ బాధ్యత తీరిపోవచ్చు.

5. పేరు చేజారే క్రమం

ఒక కళాశాల తెలుగుశాఖ నడిపే ఇ-పత్రికను ఉదాహరణగా ఊహించవచ్చు. దాని డొమైన్ గడువు ఏప్రిల్ 10. కొత్త ఆర్థిక సంవత్సరపు నిధులు మంజూరై, బిల్లు పాసై, రుసుము చెల్లించేసరికి మే రెండవ వారం వస్తుంది. రిజిస్ట్రార్ 40 రోజుల వ్యవధి ఇస్తున్నందువల్ల మే 20 వరకు ఇబ్బంది లేదు. కొన్నిరోజులు సైటు ఆగినా, ఏటా ఇలాగే గడిచిపోయింది. ఒక ఏడాది రిజిస్ట్రార్ ఆ వ్యవధిని 20 రోజులకు కుదించింది. ఇప్పుడు చివరితేదీ ఏప్రిల్ 30. కళాశాల పద్ధతి మారలేదు, బిల్లు ఎప్పటిలాగే మేలో పాసైంది. అప్పటికి పేరు చేజారింది.

ఈ నష్టాన్ని తీవ్రతరం చేసే అంశాలు నాలుగు ఉన్నాయి.

అ) వేలం: గడువు తీరిన పేర్లను తొలగించకుండా వేలం వేసే విధానం చాలామంది రిజిస్ట్రార్లకు ఉంది. వేలంలో పాడుకున్నవారికి పేరు నేరుగా బదిలీ అవుతుంది. తొలగింపు జరగలేదు కాబట్టి 30 రోజుల విమోచన దశ అసలు మొదలే కాదు. 80 రోజుల లెక్క తప్పడానికి ఇదే ప్రధాన కారణం.

ఆ) తేదీ భ్రమ: రిజిస్ట్రీ పేరును తాత్కాలికంగా ఒక సంవత్సరం పొడిగించినందువల్ల దాని పట్టికలో గడువు వచ్చే ఏడాదికి మారినట్టు కనిపిస్తుంది. దానిని చూసి నవీకరణ పూర్తయిందని పొరబడే ప్రమాదం ఉంది. రిజిస్ట్రార్ ఖాతాలో చూపే తేదీనే ప్రమాణంగా తీసుకోవాలి.

ఇ) చిరునామా వలయం: సంపాదకుల ఈమెయిల్ అదే డొమైన్‌పై ఉంటే, పేరు ఆగిన రోజునే ఆ ఈమెయిల్ కూడా ఆగుతుంది. గడువు తరువాతి హెచ్చరిక చేరవలసినచోటికి చేరదు.

ఈ) చెల్లింపు వైఫల్యం: కార్డుల ద్వారా పదేపదే జరిగే స్వయంచెల్లింపులకు రిజర్వుబ్యాంకు నిర్దేశించిన ఇ-మాండేట్ నిబంధనలు 2021 అక్టోబర్ 1 నుంచి పూర్తిగా అమలయ్యాయి. వాటికి అనుగుణంగా నమోదుకాని చెల్లింపులు తిరస్కరణకు గురవుతాయి. విదేశీ రిజిస్ట్రార్ వద్ద ఏనాడో పెట్టిన 'ఆటో రెన్యువల్' ఏర్పాటును ఇప్పటికీ పనిచేస్తోందని నమ్మి ఉండడం క్షేమం కాదు.

సాధనసంపత్తి ఉన్న సంస్థలకూ ఈ ప్రమాదం తప్పలేదు. 1999 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్.కామ్ పేరును నవీకరించలేదు. హాట్‌మెయిల్ వాడుకదారులకు అంతరాయం కలిగింది. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామర్ 35 డాలర్ల రుసుమును తానే చెల్లించడంతో సేవ తిరిగి మొదలైంది. ఇక్కడ పరాయివ్యక్తి మంచితనం సంస్థను కాపాడింది. ప్రతి పత్రికకూ అటువంటి అదృష్టం ఉండదు.

6. పరిశోధనరంగానికి కలిగే నష్టం

మికాయెల్ లాక్సో, లీసా మథియాస్, నాయ్కో యాన్ చేసిన అధ్యయనం 2000-2019 మధ్య 174 స్వేచ్ఛాలభ్య పత్రికలు అంతర్జాలం నుంచి అదృశ్యమైనట్టు గుర్తించింది. సమగ్రమైన భద్రతాభాండాగారాలు లేకపోవడాన్ని అది ఎత్తిచూపింది.

అదృశ్యం కన్నా ఆక్రమణ మరింత హానికరం. అదృశ్యమైన పుటను తెరిచిన పాఠకుడికి ఆధారం దొరకలేదని తెలుస్తుంది. ఆక్రమణకు గురైన పుటను తెరిచిన పాఠకుడికి అది తెలియకపోవచ్చు. పత్రికల డొమైన్ పేర్లను చేజిక్కించుకొని, అదే పేరుతో, అదే ఐ.ఎస్.ఎస్.ఎన్.తో రచయితల నుంచి రుసుములు దండుకొనే పద్ధతిని జాన్ బొహానన్ 2015లో 'సైన్స్' పత్రికలో వెల్లడించాడు. అది ఎంత సులభమో చూపడానికి తానే ఒక పత్రిక డొమైన్‌ను సొంతం చేసుకున్నాడు. మన దేశంలో యు.జి.సి.-కేర్ వ్యవస్థ నకిలీ జంటపత్రికల వివరాలను ప్రత్యేకంగా ప్రకటించవలసివచ్చింది. ఇటువంటి పత్రికలో వ్యాసం ప్రచురించిన పరిశోధక విద్యార్థి సొమ్మునే కాక, సమర్పణకు అవసరమైన ప్రచురణను కూడా కోల్పోతాడు.

డి.ఓ.ఐ. సంఖ్యలు ఈ సమస్యకు చాలావరకు పరిష్కారం. పత్రిక చిరునామా మారినా సంఖ్య మారదు. దాని వెనుక ఉన్న లంకెను కొత్త చిరునామాకు మార్చితే చాలు. అయితే ఆ వ్యవస్థ కూడా ఒక డొమైన్ పేరుపైనే ఆధారపడింది. 2015 జనవరి 20న డి.ఓ.ఐ. సంస్థ డొమైన్ నవీకరణలో తలెత్తిన లోపంవల్ల ప్రపంచంలో పలుచోట్ల డి.ఓ.ఐ. లంకెలు తెరుచుకోలేదు. త్వరలోనే సరిదిద్దినా, నవీకరణ తేదీ ఎంతటి వ్యవస్థకైనా కీలకమేనని ఆ ఘటన నిరూపించింది.

7. నివారణోపాయాలు

గ్రేస్ పీరియడ్‌ను లేనట్టే భావించి, నమోదు గడువునే చివరితేదీగా లెక్కించడం మొదటి సూత్రం. నిధులు మంజూరైనప్పుడు ఒక్క సంవత్సరానికి కాక 5 లేదా 10 సంవత్సరాలకు నవీకరించడం మేలు. అయితే దీర్ఘకాల నమోదులో గడువు తేదీని మరచిపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ తేదీని, రిజిస్ట్రార్ ఖాతా వివరాలను శాఖ దస్త్రాల్లో నమోదుచేసి, బాధ్యతలు మారినప్పుడు అప్పగింతల్లో చేర్చాలి. ఖాతా వ్యక్తి పేరున కాక సంస్థ పేరున ఉండాలి. సంప్రదింపు ఈమెయిల్ వేరే డొమైన్‌కు చెందినదై, కనీసం ఇద్దరికి అందుబాటులో ఉండాలి. రిజిస్ట్రార్ నుంచి వచ్చే నిబంధనల మార్పు ప్రకటనలను ప్రకటనసందేశాలుగా తోసివేయకుండా చదవాలి.

విద్యాసంస్థలకు ఏసీ.ఇన్, ఈడీయూ.ఇన్ పేర్లను ఎర్నెట్ ఇండియా నమోదుచేస్తోంది. సంస్థ ప్రధాన డొమైన్ కింద ఉపడొమైన్‌గా పత్రికను నడిపితే ప్రత్యేక నవీకరణ భారం తప్పుతుంది. డాట్‌ఇన్ విభాగం నిక్సీ నిర్వహణలో ఉంది. దేశసంకేత విభాగాలకు పైన వివరించిన ఐకాన్ హెచ్చరిక విధానం వర్తించదు కనుక ఆయా రిజిస్ట్రీల నియమాలను విడిగా పరిశీలించాలి.

పేరు పోయినా పాఠం నిలవడానికి వ్యాసాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి భాండాగారాల్లో, సంస్థ గ్రంథాలయంలో భద్రపరచాలి. ఉల్లేఖించే పరిశోధకులు చిరునామాతోపాటు రచయిత, వ్యాసశీర్షిక, సంపుటి, సంచిక, చూసిన తేదీలను పూర్తిగా ఇస్తే, చిరునామా మారినా వ్యాసాన్ని వెదకి పట్టుకోవడానికి వీలుంటుంది.

8. ముగింపు

డొమైన్ పేరు ఆస్తిలా కనిపించే కాలపరిమిత ఒప్పందం. గడువు తరువాత లభించే వ్యవధిని నిర్ణయించేది రిజిస్ట్రార్, మార్చేదీ రిజిస్ట్రారే. ఆ వ్యవధి ఏళ్ల తరబడి లభించినంత మాత్రాన హక్కుగా మారదు. ముద్రిత పత్రిక ఆగిపోయినా పాత సంచికలు గ్రంథాలయాల్లో మిగిలేవి. ఇ-పత్రిక విషయంలో ఒక్క రుసుము ఆలస్యమైతే పాత సంచికలన్నింటికీ దారి మూసుకుపోతుంది. ఆ చిరునామాను నమ్మి వ్యాసాలు పంపిన రచయితల పట్ల, దానిని ఉల్లేఖించిన పరిశోధకుల పట్ల సంపాదకవర్గానికి బాధ్యత ఉంది. గడువులోగా నవీకరించడం, ప్రతులను భద్రపరచడం ఆ బాధ్యతలో భాగాలే.