బర్మా భోజనంలో పప్పు చేసే పనులు

తాండూరు కందులకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు ముందు ఏడాదే, 2021లో, మన ప్రభుత్వం మయన్మార్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. ఐదేళ్లపాటు ఏటా లక్ష టన్నుల కందులు, రెండున్నర లక్షల టన్నుల మినుములు అక్కడి నుంచి ప్రైవేటు వ్యాపారుల ద్వారా తెచ్చుకోవచ్చన్నది దాని సారాంశం. వర్తకులు ‘లెమన్’ అని పిలిచే ఆ బర్మా కందులు దిగాయంటే తాండూరు ఉన్న వికారాబాద్ జిల్లా రైతుకు ధర గురించి గుబులే. అలా బర్మా మనకు కందుల పోటీదారుగానే తెలుసు. ఆ దేశం పప్పుధాన్యాలను ఎలా వండుకు తింటుందో మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు. పప్పును ఉడికించి మెదిపి పోపు పెట్టడం ఒక్కటే దాని ఉపయోగం కాదని, పిండిగా అది ఇంకా చాలా పనులు చేయగలదని తెలియాలంటే బర్మా భోజనం చూడాలి. పప్పు మీద బతికే తాండూరు లాంటి ఊరికి అందులో పనికొచ్చే పాఠం ఉంది.

ఆ భోజనం చూడటానికి రంగూన్ దాకా పోనక్కర్లేదు. కోరింగ, కాకినాడ, విశాఖ రేవుల నుంచి తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో రంగూన్ ఓడరేవుకు పనికి వెళ్లారు. 1930 మే నెలలో రంగూన్‌లో రేవు పని దగ్గర మొదలైన అల్లర్లలో దెబ్బ తిన్నదీ వాళ్లే. 1942లో జపాన్ దండయాత్రకు భయపడి కొందరు, 1960లలో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరికొందరు వెనక్కి వచ్చారు. విశాఖపట్నం కంచరపాలెం వైపున్న బర్మా క్యాంపు, చెన్నైలో బర్మా బజారు పక్క వీధుల తోపుడు బళ్లు అలా వచ్చినవాళ్ల వంటను నిలబెట్టాయి. మధ్యాహ్నం నిలబడి తినే ఈ బడ్డీల్లో వరస ఒకటే. ముందే ఉడికించి నూనె రాసిన నూడుల్స్, సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం, వేయించిన శనగల పొడి. అడిగినవాడి ముందే చేత్తో కలిపి ఇస్తారు. పక్కన అరటిదూట వేసిన చారు. మొహింగా అనే వంటకం దొరికే చోట దాని చేపల పులుసులో శనగపిండో, వేయించిన బియ్యపు పిండో కలిపి చిక్కబరుస్తారు, పైన పప్పు వడలు నలిపి వేస్తారు. ఒక్క పళ్లెంలో పప్పు పొడిగా, చిక్కదనంగా, కరకరగా మూడుచోట్ల కనిపిస్తుంది. మామూలు ముద్దపప్పుగా మాత్రం ఎక్కడా ఉండదు.

నాలుగో రూపం అన్నిటికన్నా ఆసక్తికరమైనది: షాన్ రాష్ట్రపు టోఫు. పేరు చూసి సోయా జున్ను అనుకుంటే పొరపాటు. సోయాగింజలో మాంసకృత్తులు నలభై శాతానికి దగ్గర, నూనె ఇరవై శాతం దాకా ఉంటాయి, పిండిపదార్థం మాత్రం నామమాత్రం. అందుకే సోయాపాలను కాల్షియం, మెగ్నీషియం లవణాలతో విరగ్గొట్టాలి. షాన్ టోఫు చేసే శనగపిండికి ఆ అవసరమే లేదు. దాని బరువులో సగానికి కాస్త తక్కువ పిండిపదార్థమే. పిండిని చన్నీళ్లలో కలిపి, పసుపు వేసి, కలుపుతూ కాస్తే సుమారు 70 డిగ్రీల దగ్గర పిండి రేణువులు నీరు పీల్చి ఉబ్బుతాయి, వాటిలోని అమైలోజ్ అనే పొడవాటి గొలుసులు నీళ్లలోకి వస్తాయి. చల్లారేటప్పుడు ఆ గొలుసులు ఒకదానికొకటి అల్లుకుని నీటిని బంధిస్తాయి. పప్పుధాన్యాల పిండిపదార్థంలో అమైలోజ్ వంతు సాధారణంగా బియ్యం, గోధుమలకన్నా ఎక్కువ కాబట్టి కట్టే గడ్డ కత్తితో కోసేంత గట్టిగా ఉంటుంది. షాన్ వంటవాళ్లు గట్టిపడకముందే దాన్ని వేడి జావగా నూడుల్స్ మీద పోస్తారు, గట్టిపడ్డాక ముక్కలు కోసి సలాడ్ చేస్తారు, నూనెలో వేయిస్తారు. మన తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టెకు తోడుగా చేసే శనగపిండి పిట్లది కూడా ఇదే రసాయనం. కాకపోతే మనం దాన్ని జారుగా ఉన్నప్పుడే తినేసి, గట్టిపడితే పాడైనట్టు లెక్కేస్తాం.

మొహింగా కుండ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. బడ్డీ వ్యాపారికి అసలు ఇబ్బంది వంట కాదు, నిల్వ: పొద్దున పెట్టిన పులుసు మధ్యాహ్నం రెండింటికి కూడా అంతే చిక్కగా ఉండాలి. చాలా ధాన్యపు పిండ్లు వేడెక్కగానే బాగా ఉబ్బి, గరిటె తిప్పేకొద్దీ పగిలి పలచబడతాయి. పప్పుల పిండి రేణువులు అంతగా ఉబ్బవు, అందుకే అంతగా పగలవు కూడా. సన్నసెగ మీద గంటలు ఉన్నా వాటి చిక్కదనం నిలుస్తుంది. వేయించిన శనగపొడి పని వేరు. వేయించినప్పుడు పచ్చివాసన పోతుంది, గోధుమరంగూ సువాసనా పుడతాయి, తర్వాత చింతపండు పులుసునూ నూనెనూ పీల్చి ప్రతి నూడుల్ పోగుకూ అంటిపెడుతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. కందిపొడి అన్నంలో నెయ్యితో చేసే పని అదే. కందిపొడిని మనం అన్నం దాటి బయటికి పోనివ్వలేదు, అంతే తేడా.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఇదంతా శనగ కథ కదా, తాండూరుది కంది కదా? పైగా మయన్మార్ రైతు కందిని పండించేదే మన కోసం, తాను తినేది తక్కువ. నిజమే. శనగలో కొవ్వు ఐదారు శాతం ఉంటే కందిపప్పులో రెండు శాతం లోపే, కాబట్టి కంది గడ్డ అంత నునుపుగా రాదనీ, పెళుసుగా విరుగుతుందనీ ఊహించాలి. కాస్త నూనె కలిపితే తేడా తగ్గవచ్చు. కానీ గడ్డకట్టించే అసలు పదార్థం కందిలోనూ దండిగానే ఉంది. పాలిష్ పట్టేటప్పుడు మిల్లులో విరిగే నూక చవకగా అమ్ముడుపోతుంది, పిండి పట్టేదానికి నూక అయినా గుండు పప్పు అయినా ఒకటే. తాండూరులో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. దిగుబడీ తెగుళ్లూ చూసినట్టే పిండి గుణాన్నీ రకాలవారీగా చూడటం వాళ్లకు కష్టమైన పని కాదు.

మరో అభ్యంతరం శుభ్రత. దీన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. ఉడికిన నూడుల్స్‌ను గంటల తరబడి గది వేడిలో ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. అది వదిలే వాంతుల విషం మళ్లీ వేడిచేసినా పోదు. చింతపండు పులుపు కొంత అడ్డుపడుతుంది గానీ పూర్తి కాపలా కాదు. నీరు ఎక్కువున్న టోఫు గడ్డ కూడా అంతే, ఏ రోజుది ఆ రోజే అమ్ముడుపోవాలి. చేత్తో కలపడంకన్నా నూడుల్స్ ఎప్పుడు ఉడికించారన్నదే కస్టమరు అడగాల్సిన ప్రశ్న. కడుపుబ్బరం అనేవాళ్లకూ కొంత న్యాయం ఉంది. నానబెట్టి నీళ్లు పారబోస్తే పోయే కొన్ని చక్కెరలు పిండిలో అలాగే ఉండిపోతాయి.

చివరగా, పప్పును పిండిగా వండటానికి తాండూరుకే చెందిన కారణం ఒకటి. ఇంటి నేలలకు పరిచే నాపరాళ్లు ఆ ఊరి సున్నపురాతి పొరల నుంచి వచ్చినవే. అలాంటి నేలల్లో బోరు నీళ్లకు కాల్షియం ఎక్కువ. పప్పు గింజలోని కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం ఇంకా బిగిస్తుంది. గట్టినీళ్లలో పప్పు ఉడకలేదని ఇళ్లలో విసుక్కునేది అందుకే. పిండి విషయంలో ఈ బెడద పెద్దగా ఉండదు. కణాల గోడలను మర ముందే పగలగొట్టేస్తుంది కాబట్టి, పెక్టిన్ బిగిసినా బిగియకపోయినా పిండి రేణువుకు నీరు అందుతుంది. వికారాబాద్ స్టేషన్ రోడ్డులోనో తాండూరు మార్కెట్ యార్డు దగ్గరో మధ్యాహ్నం బడ్డీ పెట్టాలనుకునేవాళ్లకు గ్యాసు ఖర్చులో కనిపించే తేడా ఇది: గుండు పప్పు ఉడకడానికి పట్టే సేపట్లో చాలా కొద్ది భాగంలోనే పిండి జావ చిక్కబడుతుంది, మిగతాది చల్లారడమే.