చావు నేర్పిన బొమ్మల పుస్తకం

పదిహేనవ శతాబ్దపు ఐరోపాలో మృత్యువు నిజమైన అతిథి. తిథివారాలు చూచుకొని వచ్చేది కాదు. 1347లో వచ్చిపడిన ప్లేగు, నాలుగైదేళ్లలో ఆ ఖండంలో మూడోవంతు జనాన్నో, అంతకు మించియో పొట్టన పెట్టుకొన్నది. తరువాత కూడా మళ్లీ మళ్లీ వస్తూనే వుండేది. అవసానకాలంలో మతాచార్యుడు పక్కన వుండాలని ప్రతివాడికీ ఆశ. కాని వీధివీధినా చావులైతే ఆయన మాత్రం ఎన్ని ఇళ్లకు పోగలడు?

అటువంటి కాలంలో, 1415 ప్రాంతాన, లాటిన్‌లో ‘ఆర్స్ మొరియెండి’ పుట్టింది. ‘మరణ కళ’ అని దాని అర్థం. 1450 తరువాత దాని సంగ్రహం బొమ్మల పుస్తకమై వెలువడింది.

ఆ అచ్చుపని చిత్రమైనది. పుటకొక కొయ్యపలక. బొమ్మనూ, అక్షరాలనూ అద్దంలో కనబడినట్లు తిరగేసి చెక్కేవారు. పల్చని సిరా పూసి, కాగితం పరచి, వెనుకనుంచి రుద్దేవారు. అందువల్ల కాగితానికి ఒకవైపే అచ్చు. ఈ జాతి పుస్తకాలు గూటెన్‌బర్గు ముద్రణకు పూర్వరూపాలని చాలాకాలం తలచారు. 1960లలో ఆలన్ స్టీవెన్సన్ కాగితాలలోని నీటిగుర్తులను పరిశీలించి, చాలావరకు ఇవి ఆయన సమకాలీనాలేనని తేల్చాడు.

పుస్తకంలో బొమ్మలు పదకొండు. అన్నిటిలోనూ మంచంమీద ఒక రోగి. అయిదింట దయ్యాలు అతనిని అవిశ్వాసం, నిరాశ, అసహనం, గర్వం, లోభాలలోకి లాగుతాయి. అసహనం బొమ్మలో రోగి పక్కవాణ్ణి కాలితో తన్నుతాడు; బల్ల తలకిందులవుతుంది. జబ్బుమనిషికి సేవ చేసినవారెవరికైనా ఇది తెలిసిన దృశ్యమే! లోభం బొమ్మలో దయ్యం ఇంటినీ, మద్యం పీపాలనూ, గుర్రాన్నీ చూపిస్తుంది. ప్రతి దుర్బోధకూ మరుసటి బొమ్మలో దేవదూత సమాధానం వుంటుంది.

నిరాశకు ఇచ్చిన సమాధానం చూడండి. గురువును ఎరుగనని ముమ్మారు బొంకిన పీటరు, పతితగా ఆనాటివారు తలచిన మేరీ మాగ్దలీనా, శిలువమీది దొంగ, క్రైస్తవులను హింసించబోతూ నేలకూలిన సౌలు మంచం చుట్టూ కనబడతారు. వీరిలో మచ్చలేనివారు ఒక్కరూ లేరు. వీరికి దొరికిన క్షమ నీకు మాత్రం దొరకదా అని ఆ బొమ్మ అడుగుతుంది. ఎదుటిపుటలోని లాటిన్ రానివానికి బొమ్మే వ్యాఖ్యానం.

చివరి బొమ్మలో రోగి చేతిలో కొవ్వొత్తి వెలుగుతూ వుంటుంది. చంటిబిడ్డ వంటి ఆత్మను దేవదూతలు అందుకొంటారు. దయ్యాలు మంచం కిందనే మిగిలిపోతాయి.