గోడ చదవదు, లెక్కపెడుతుంది

ఫిల్మ్‌నగర్‌లో పోస్ట్ ప్రొడక్షన్ పని చేసే ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది: "మా సినిమా దృశ్యాలు కొన్ని చైనాలోని పంపిణీదారుకు చూపించాలి. యూట్యూబ్ లింకు అక్కడ తెరుచుకోదు. విదేశంలో చవకగా ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, దాని మీద మా కుర్రాళ్ళు సొంతంగా ఒక గుప్తమార్గం వేశారు. అదేమో ఒకసారి కలుస్తుంది, ఇంకోసారి కలవదు. ఏ దేశంలో సర్వర్ తీసుకుంటే ఈ బాధ తప్పుతుంది?"

తెలుగు సినిమాకు చైనా కొత్త ఊరేమీ కాదు. ‘బాహుబలి’ మొదటి భాగం 2016లో, రెండో భాగం 2018 మే 4న అక్కడి థియేటర్లకు వెళ్ళాయి. మనకు ట్రైలర్ అంటే యూట్యూబ్. అది అక్కడ 2009 నుంచీ మూతపడే ఉంది. కాబట్టి సొంత సర్వర్ ఆలోచన రావడం సహజమే. అయితే "ఏ దేశం" అని అడగడంలో ఒక నమ్మకం దాగి ఉంది: అవతలి గోడ, అంటే చైనా ఇంటర్నెట్ వడపోత వ్యవస్థ, సర్వర్ ఉన్న దేశాన్ని చూసి తీర్పు చెబుతుందని. గోడ చూసేవి వేరే ఉన్నాయి. అందులో ఒకటి ఎంత చిన్న లెక్కో, ఎంత పదునైన లెక్కో తెలిసినప్పటి నుంచి దాన్ని ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ప్రాథమిక విషయాలు, గబగబా. మీరు వెబ్‌సైటు పేరు కొట్టగానే ఫోను డీఎన్ఎస్‌ని అడిగి ఆ పేరుకున్న ఐపీ చిరునామా తెలుసుకుంటుంది. ఆ చిరునామాకు ప్యాకెట్లు పంపి సంబంధం కలుపుకుంటుంది. తర్వాత గుప్తీకరణ మొదలవుతుంది. అడ్డుకునేవాడికి మూడు చోట్లా అవకాశం ఉంది. డీఎన్ఎస్ దగ్గర అసలు జవాబు కంటే ముందే దొంగ జవాబు పంపవచ్చు. ఐపీ చిరునామానే మూసేయవచ్చు. గుప్తీకరణ మొదలయ్యే ముందు ఫోను తనకు కావలసిన సైటు పేరును బాహాటంగా చెబుతుంది. ఎస్ఎన్ఐ అనే ఆ పేరును చూసి సంబంధం తెంచవచ్చు. చైనా గోడ ఈ మూడూ చేస్తుంది.

తెంచే పద్ధతి కూడా విచిత్రమైనది. 2006లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ క్లేటన్, స్టీవెన్ మర్డోక్, రాబర్ట్ వాట్సన్ ఒక సంగతి బయటపెట్టారు. నిషిద్ధ పదం కనబడితే గోడ ఆ ప్యాకెట్టును ఆపడం లేదు, పోనిస్తోంది. కాకపోతే రెండు చివరలకూ "అవతలివాడు సంబంధం వదిలేశాడు" అని చెప్పే దొంగ ప్యాకెట్లు పంపుతోంది. రెండు కంప్యూటర్లూ వాటిని పట్టించుకోకపోతే సంభాషణ హాయిగా సాగిపోతుందని వాళ్ళు చేసి చూపించారు. గోడ అంటే అడ్డంగా నిలబడే వస్తువని అనుకున్నవాళ్ళందరూ అక్కడ పొరపడ్డారు. ఈ పనిలో అది పక్కన నిలబడి, మాటలు విని, మధ్యలో అబద్ధం చెప్పే యంత్రం.

ఇక అసలు కథ. పేరు బయటపడితే ప్రమాదం కదా అని, గోడను దాటించే షాడోసాక్స్ వంటి ఉపకరణాలు తయారుచేసినవాళ్ళు మొదటి బైటు నుంచే సర్వం గుప్తీకరించారు. పేరు లేదు, ఆనవాలు లేదు, ఏ పద్ధతిలో మాట్లాడుకుంటున్నారో కూడా తెలియదు. దేనిలాగా కనిపించకపోతే దేనికింద పట్టుకుంటారన్నది వాళ్ళ ధైర్యం. మన పాఠకుడి కుర్రాళ్ళు వేసిందీ బహుశా ఇలాంటి మార్గమే.

2021 నవంబర్‌లో ఆ ధైర్యం కూలింది. ఇలాంటి సంబంధాలు చైనాలో ఉన్నట్టుండి తెగిపోవడం మొదలైంది. కొలరాడో, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మరికొందరితో కలిసి రకరకాల ప్యాకెట్లు పంపి గోడ మనసులోని సూత్రాన్ని రాబట్టారు. 2023లో యూసెనిక్స్ భద్రతా సదస్సులో దాన్ని ప్రచురించారు. గోడ గుప్తీకరణను ఛేదించలేదు, ఛేదించే ప్రయత్నమూ చేయలేదు. మొదటి ప్యాకెట్టులో ఎన్ని ఒకట్లు ఉన్నాయో లెక్కపెట్టింది, అంతే. సీలు వేసిన ఫిల్మ్ రీలు డబ్బాను విప్పకుండా తూకం వేసి, లోపల ఏదో దాచారని పసిగట్టడం లాంటిది ఇది.

ఎలాగంటే, కంప్యూటర్‌కు సమాచారమంతా సున్నాలూ ఒకట్లే. ఎనిమిది కలిస్తే ఒక బైటు. మంచి గుప్తీకరణలో ఏ క్రమమూ కనపడకూడదు కాబట్టి సున్నాలూ ఒకట్లూ సమపాళ్ళలో ఉంటాయి. అంటే బైటుకు సగటున నాలుగు ఒకట్లు. మామూలు సమాచారం ఇంత సమంగా ఉండదు. ఎటో ఒకవైపు మొగ్గుతుంది. అందుకే సగటు 3.4కూ 4.6కూ మధ్య పడితే గోడ అనుమానించింది. ఆ పరిధి దాటి ఉంటే వదిలేసింది. మొదటి ఆరు బైట్లూ చదవదగ్గ అక్షరాలైనా, ప్యాకెట్టులో సగానికి మించి అలాంటివే ఉన్నా, వరసగా ఇరవైకి పైగా ఉన్నా వదిలేసింది. మామూలు వెబ్‌సైట్ల టీఎల్ఎస్, హెచ్‌టీటీపీ పలకరింపుతో మొదలైనవాటినీ వదిలేసింది.

ఇక్కడ చదవదగ్గ అక్షరాలంటే ఇంగ్లిష్ కీబోర్డు మీదివి మాత్రమే. తెలుగు అక్షరాల బైటు ఒక్కటి కూడా ఆ కోవలోకి రాదు. మరి గుప్తీకరించని తెలుగు పాఠం ఈ గోడ ముందు నిలిస్తే ఏమవుతుంది? కాగితం మీద లెక్క వేసి చూద్దాం. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 11100000, అందులో ఒకట్లు మూడు. రెండోది 10110000 గానీ 10110001 గానీ, ఒకట్లు మూడో నాలుగో. ఎక్కువగా మారేది మూడో బైటే. ‘తెలుగు’ అన్న పదంలో గుర్తులు ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్ళీ కొమ్ము. వాటిలో ఒకట్లు వరసగా 9, 10, 10, 9, 11, 9. మొత్తం 18 బైట్లలో 58. సగటు 3.22. గోడ గీసిన 3.4 గీతకు కిందే కాబట్టి ‘తెలుగు’ దాటిపోతుంది! అదే పదాన్ని గుప్తీకరిస్తే 144 బిట్లలో ఒకట్లు సగటున 72, బైటుకు నాలుగు. దాచుకున్నందుకే దొరికిపోతుంది. తెలుగంటే ఏమిటో తెలియని యంత్రం, ఒక్క అక్షరం చదవకుండా, మామూలు మాటనూ దాచిన మాటనూ వేరుచేస్తుంది. ఇంత తక్కువ గణితంతో ఇంత పని జరగడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

విరుగుడూ ఈ లెక్కలోనే ఉంది. ఉపకరణాల రచయితలు సగటు పరిధి దాటేలా అదనపు బిట్లు చేర్చారు, లేదా మొదటి ఆరు బైట్లనూ కీబోర్డు అక్షరాలు చేశారు. మార్గాలు మళ్ళీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు మన పాఠకుడి ప్రశ్నకు వద్దాం. ఈ లెక్కను ప్రతి సంబంధానికీ వర్తింపజేస్తే ఏ పాపం తెలియని సంబంధాలు కూడా దాదాపు 0.6 శాతం తెగుతాయని అదే పరిశోధన అంచనా. వినడానికి చిన్న అంకె. అంత పెద్ద దేశంలో అది పెద్ద నష్టం. అందుకని గోడ రెండు జాగ్రత్తలు తీసుకుంది. అద్దె సర్వర్లకు పేరుబడ్డ డేటా సెంటర్ల ఐపీ చిరునామాలకు వెళ్ళే సంబంధాలనే పరీక్షించింది. వాటిలోనూ నాలుగింట ఒక వంతునే, ఏది దొరికితే అది, తెంచింది. తెంచాక మూడు నిమిషాలు అదే చిరునామాకు, అదే పోర్టుకు దారి మూసింది. ఒకసారి కలిసి ఇంకోసారి కలవకపోవడం సర్వర్ లోపమని ఎంతమంది ఇంజనీర్లు తలలు పట్టుకుని ఉంటారో! అది గోడ పనితీరే. దాని లెక్కలో సర్వర్ జాతకాన్ని రాసింది దేశం జెండా కాదు, ఐపీ చిరునామా ఇరుగుపొరుగు.

ఇరుగుపొరుగును లెక్కచేయకపోతే ఏమవుతుందో రష్యా చూపించింది. 2018 ఏప్రిల్‌లో టెలిగ్రామ్‌ను మూయబోయి, అది అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లలోకి మారేసరికి, అక్కడి నియంత్రణ సంస్థ రోస్కోమ్‌నడ్జోర్ కోటిన్నరకు పైగా ఐపీ చిరునామాలను మూసేసింది. సంబంధం లేని దుకాణాలూ సేవలూ పడిపోయాయి. టెలిగ్రామ్ మాత్రం అప్పుడు నడుస్తూనే ఉండేది. 2020 జూన్‌లో నిషేధం ఎత్తేశారు.

మన సినిమా పేరుతోనూ ఈ తప్పు జరిగింది. 2012లో తమిళ ‘3’, తెలుగు ‘దమ్ము’ చిత్రాల పైరసీని ఆపమని మద్రాసు హైకోర్టు నుంచి తెచ్చుకున్న ఆదేశంతో ఇంటర్నెట్ కంపెనీలు పైరేట్ బేతో పాటు విమియో, డైలీమోషన్, పేస్ట్‌బిన్‌లను కూడా మూసేశాయి. సొంత లఘుచిత్రాలను విమియోలో పెట్టుకున్న కుర్ర దర్శకులకు ‘దమ్ము’ పైరసీతో ఏం సంబంధం? జూన్ 22న హైకోర్టు స్పష్టత ఇచ్చింది: దొంగ ప్రతి ఉన్న లింకును మాత్రమే మూయాలి, సైటు మొత్తాన్ని కాదు.

న్యాయమైన మాట. కానీ అప్పట్లో చాలా సైట్లు గుప్తీకరణ లేకుండా నడిచేవి, లింకు మొత్తం దారిలో కనబడేది. ఇప్పుడు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్. దారిలో ఉన్న ఇంటర్నెట్ కంపెనీకి సైటు పేరే కనబడుతుంది. ఆ పేరు తర్వాతి లింకు కనబడదు. మన దేశంలో రిలయన్స్ జియో ఈ ఎస్ఎన్ఐ పేరు చూసే సైట్లను ఆపుతోందని బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ పరిశోధకులు 2019లో చూపించారు. అంటే హైకోర్టు చెప్పిన సున్నితమైన కోత ఇంటర్నెట్ కంపెనీ చేతిలో ఇప్పుడు లేదు. పేరును మూస్తే సైటంతా పోతుంది, ఐపీని మూస్తే పొరుగువాళ్ళు పోతారు. లింకు ఒక్కటే తీయాలంటే ఆ సైటు నడిపేవాళ్ళే తీయాలి.

ఇక మన పాఠకుడికి ఉపయోగపడే మాట. అనుమతి లేని వీపీఎన్‌ను, అంటే ఇలాంటి గుప్తమార్గాన్ని, చైనా చట్టం ఒప్పదు. పంపిణీదారును ఆ ఇబ్బందిలో పెట్టకండి. చైనాలోని సర్వర్ మీదే సైటు పెట్టాలంటే ఐసీపీ అనే ప్రభుత్వ నమోదు తప్పనిసరి, అది అక్కడి సంస్థ పేరు మీదే సులువు. కాబట్టి ఫైళ్ళు ఆయన ఏర్పాటు చేసే అక్కడి సేవ ద్వారానే పంపండి. హాంకాంగ్, సింగపూర్ సర్వర్లు రెండో దారి: వాటికి ఐసీపీ అక్కర్లేదు, దూరమూ తక్కువే. అయితే ఆ సర్వర్ ఐపీ చిరునామా ఏ డేటా సెంటర్‌దో అడిగి తీసుకోండి.

ఫిల్మ్‌నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్‌లో పైరసీ నిరోధక విభాగం ఉంది. పైరసీ వల్ల నిర్మాతకు కలిగే నష్టం నిజమైనదే, దాని మీద పోరాటమూ న్యాయమే. ఆ పోరాటం చేసేవాళ్ళకు నా విన్నపం ఒకటే. కోర్టుకు ఇచ్చే ప్రతి సైటు పేరు పక్కన, ఆ సైటు ఐపీ చిరునామా మీద ఇంకా ఎన్ని సైట్లు ఉన్నాయో రాయండి. అది తెలుసుకోవడానికి నిమిషాలు చాలు. ఆ వరస రాయని పిటిషన్ ఎవరిని మూస్తుందో అడిగినవాళ్ళకే తెలియదు.