ఉత్తరంలో మొదటి మాట

క్రీ.శ. 2వ శతాబ్దంలో అపియోన్ అనే ఈజిప్టు కుర్రాడు రోమా నౌకాదళంలో చేరాడు. ఇటలీలోని మిసేనం రేవుకు చేరుకున్నాక ఇంటికి గ్రీకులో ఉత్తరం రాశాడు. ముందు తన పేరు, తర్వాత తండ్రి ఎపిమాకోస్ పేరు, ఆ వెంటనే నమస్కారాలు. మీరు ఆరోగ్యంగా ఉండాలని ప్రార్థిస్తున్నానన్నాడు. సముద్రంలో ఆపద వస్తే సెరాపిస్ దేవుడు కాపాడాడనీ, దారి ఖర్చులకు మూడు బంగారు నాణేలు ముట్టాయనీ చెప్పుకొచ్చాడు. ఈ ఉత్తరం రాసిన పపైరస్ ఇప్పటికీ బెర్లిన్‌లో భద్రంగా ఉంది.

ఇన్‌లాండ్ లెటర్ల కాలంలో మన పెద్దలకు ‘ఉభయకుశలోపరి’ ఎలాంటిదో, గ్రీకులో రాసేవాళ్లకు ‘ఖైరెయిన్’ అలాంటిది. దాని అసలు అర్థం సంతోషించమని. వాడగా వాడగా అది ఉత్త నమస్కారమైపోయింది. ‘ఫలానావాడు ఫలానావారికి, ఖైరెయిన్’ అంటే ఉత్తరం మొదలైనట్టే.

క్రీ.శ. 50 ప్రాంతంలో క్రైస్తవ బోధకుడు పౌలు థెస్సలొనీకలోని విశ్వాసులకు రాసిన ఉత్తరమూ ఇదే వరసలో మొదలవుతుంది. రాసేవారి పేర్లు, అందుకునేవారి పేరు. కానీ ‘ఖైరెయిన్’ రావలసిన చోట ‘ఖారిస్’ వచ్చింది. రెండూ ఒకే కుదురు నుంచి పుట్టిన మాటలే. ఖారిస్ అంటే కృప. సంపాదించుకోకపోయినా, అర్హత లేకపోయినా దేవుడు తనంతట తాను చూపే దయ. రోజూ వినే పలకరింపు కోసం చెవి ఒగ్గినవాళ్లకు దానికి దగ్గరగా మరో మాట వినిపించింది. నమస్కారం కాస్తా దీవెన అయింది.

ఆ వెనకే ‘ఐరేనే’ అనే మాట చేర్చాడు. గ్రీకులో దానికి శాంతి అని అర్థం. దాని వెనక యూదులు ఒకరినొకరు పలకరించుకునే ‘షాలోమ్’ ఉంది. యుద్ధం లేకపోవడమొక్కటే షాలోమ్ కాదు. ఒళ్లు, ఇల్లు, ఇరుగుపొరుగు, దేవుడితో సంబంధం అన్నీ చక్కగా ఉండటం. ఈ కలయికకు పాత జాడలు లేకపోలేదు. యెరూషలేము యూదులు ఈజిప్టులోని తమవాళ్లకు రాసిన ఒక ఉత్తరం మక్కబీయుల రెండో గ్రంథం మొదట్లో ఉంది. అందులో గ్రీకు నమస్కారమూ, శాంతీ రెండూ కనిపిస్తాయి. కొత్త నిబంధనలోనే యాకోబు పత్రిక పాత ‘ఖైరెయిన్’తోనే సరిపెట్టుకుంది. తెలుగు బైబిలులో అక్కడ కనిపించేది ‘శుభము’. కృపను ముందు, శాంతిని దాని వెనక నిలిపి, ఉత్తరం తర్వాత ఉత్తరంలో అదే వరసను పాటించినవాడు పౌలు. దేవుడి దయ ముందు అందాలి, మనుషుల మధ్య శాంతి దాన్నుంచి పుట్టాలి. ఆయన బోధంతా ఈ రెండు మాటల వరసలోనే ఉంది.

ఆ శాంతికి తెలుగు బైబిలు ‘సమాధానము’ అంది. మనం రోజూ ఆ మాటను జవాబు అనే అర్థంలో వాడతాం కనుక మొదటిసారి చదివేవారు కాస్త తడబడతారు. కానీ గొడవపడ్డ ఇద్దరు మళ్లీ కలిస్తే ‘సమాధానపడ్డారు’ అనడమూ తెలుగే. షాలోమ్‌కు ఈ వాడుక ఎంతో దగ్గర.

సందర్భాన్ని బట్టి పౌలు పలకరింపు పెరుగుతుంది, తరుగుతుంది. అప్పటికి తాను చూడని రోమా సంఘానికి రాసినప్పుడు, తనెవరో, తన సువార్త ఏమిటో చెప్పుకుంటూ ఏడు వచనాల దాకా సాగదీశాడు. గలతీయుల మీద మండిపడుతూ రాసినప్పుడు, పలకరింపు తర్వాత అలవాటుగా వచ్చే కృతజ్ఞతా వాక్యాలను ఎగరగొట్టేశాడు. అంత కోపంలోనూ కృపనూ సమాధానాన్నీ మాత్రం వదల్లేదు.

వీటన్నిటిలో నా మనసుకు బాగా పట్టింది ఫిలేమోను పత్రిక. మొత్తం 25 వచనాలు. ఫిలేమోను ఇంటి బానిస ఒనేసిము యజమానికి దూరమై పౌలు దగ్గర ఉన్నాడు. అతణ్ని తిరిగి పంపిస్తూ, ఇకమీదట బానిసగా కాక ప్రియమైన సోదరుడిగా చేర్చుకోమని పౌలు అడుగుతున్నాడు. అందుకేనేమో, చాలా ఉత్తరాల్లో ముందుగా చెప్పుకునే ‘అపొస్తలుడు’ అనే హోదా ఇక్కడ లేదు. తనను ‘ఖైదీ’ అని చెప్పుకున్నాడు. అడగబోయేది మనిషి స్వేచ్ఛ గురించి, అడుగుతున్నవాడు సంకెళ్లలో ఉన్నవాడు.

పై వరసలో ఉన్నది ఫిలేమోను పేరొక్కటే కాదు. అప్ఫియ, అర్ఖిప్పు, ఆ ఇంట్లో కూడుకునే సంఘం మొత్తం ఉంది. దీవెన ‘మీకు’ అంటూ వస్తుంది. తెలుగులో ‘మీకు’ ఒక్కరికి ఇచ్చే మర్యాద కూడా కావచ్చు. గ్రీకులో మాత్రం అది అచ్చమైన బహువచనం. ఆ తర్వాతి వాక్యం నుంచి పౌలు ‘నీ’ అంటూ ఫిలేమోను వైపు తిరుగుతాడు. యజమాని ఒక్కడే తేల్చుకోవలసిన విషయాన్ని, నలుగురినీ పలకరించి, నలుగురి ముందూ పెట్టాడన్నమాట.

ఆ ఉత్తరం ఆ ఇంట్లో చదువుతున్న రోజును ఊహించుకుంటాను. గుమ్మం దగ్గరెక్కడో ఒనేసిము తలవంచుకుని నిలబడి ఉంటాడు. కృప, సమాధానం ‘మీకు’ అన్న మాట వినపడుతుంది. తన సంగతి ఇంకా ఎవరూ ఎత్తలేదు. తన పేరు రావడానికి ఇంకా ఎన్నో వాక్యాలున్నాయి. కానీ ఆ బహువచనంలో తనూ ఉన్నాడు.