మొదటిసారి పట్టుబడితే చట్టం ఏమంటుంది?

అంగడాయన తన చేత్తో తూచి ఇచ్చే చోట దొంగతనానికి తావు తక్కువ. మనమే అరల్లోంచి తీసుకుని బుట్టలో వేసుకునే సూపర్ మార్కెట్లలో చేతివాటం చూపేవాళ్లు ఉంటారు. తనకల్లు నుంచి కదిరికో మదనపల్లెకో వెళ్లి, ఒక సబ్బో షాంపూ సీసానో దాచుకుని దొరికిపోయిన మనిషి గురించి ఊళ్లో నడిచే మాటల్లో చాలావరకు నిజం కాదు. వాటిని నమ్మి భయపడిన వాళ్లు, కోర్టు వేసే శిక్షకు మించిన శిక్ష అంగడి వెనక గదిలోనే అనుభవిస్తున్నారు.

అపోహ: ఎంత చిన్న దొంగతనమైనా జైలు తప్పదు.

వాస్తవం: 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. దాని 303వ సెక్షన్ ప్రకారం దొంగతనానికి 3 ఏళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే సెక్షన్‌లో పాత చట్టంలో లేని ఒక వెసులుబాటు పెట్టారు. సరుకు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, ఆ మనిషికి నేరం రుజువవడం అదే మొదటిసారి అయి, సరుకునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే, పడే శిక్ష సమాజ సేవ. అంటే కోర్టు చెప్పిన పనిని, పదిమందికి పనికొచ్చే పనిని, కూలి లేకుండా చేయాలి. రెండోసారి నేరం రుజువైతే మాత్రం ఏడాదికి తగ్గకుండా 5 ఏళ్ల వరకు కఠిన కారాగారం, దాంతోపాటు జరిమానా.

ఇక్కడొక మెలిక ఉంది. మనుషులు నివసించే, లేదా ఆస్తిని భద్రపరిచే కట్టడంలో జరిగిన దొంగతనానికి 305వ సెక్షన్ వేరుగా ఉంది. దాని కింద 7 ఏళ్ల వరకు జైలు. 5,000 రూపాయల వెసులుబాటు అందులో లేదు. అందుకే కేసు ఏ సెక్షన్ కింద రాశారో ముందు చూసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ తెచ్చుకుని వకీలుకు చూపించడం మొదటి పని.

అపోహ: పోలీసులు వచ్చారంటే లోపల వేసినట్టే.

వాస్తవం: 303 కింద 5,000 లోపు దొంగతనమైతే మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయకూడదు, వారెంట్ లేకుండా అరెస్టు చేయకూడదు. బెయిలు హక్కుగా దొరుకుతుంది. విలువ అంతకు మించితే అరెస్టు చేయవచ్చు గానీ, ప్రతి కేసులోనూ చేసి తీరాలని లేదు. 7 ఏళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని, నోటీసిచ్చి పిలిపించాలని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

అపోహ: దొరికినవాణ్ని కూర్చోబెట్టి పది రెట్లు వసూలు చేసే హక్కు అంగడి వాళ్లకు ఉంది.

వాస్తవం: లేదు. జరిమానా వేసేది కోర్టు. గోడకు బోర్డు తగిలించినంత మాత్రాన ఆ అధికారం యజమానికి రాదు. తన సరుకును అడ్డుకుని వెనక్కి తీసుకునే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు ఆయనకున్నాయి. కళ్లెదుట పెద్ద దొంగతనం జరిగితే మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు, కానీ 6 గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. 303 కిందికి వచ్చే 5,000 లోపు దొంగతనానికి ఆ అధికారం కూడా వర్తించదు. ఆడమనిషిని గదిలో పెట్టి తాళం వేయడం, చెయ్యి చేసుకోవడం, "డబ్బులిస్తావా, పోలీసులను పిలవమంటావా" అని బెదిరించి గుంజుకోవడం దేనికది వేరే నేరం. బెదిరించి వసూలు చేయడానికి 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది, మామూలు దొంగతనానికి ఉన్నదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. పట్టుబడ్డ మనిషి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లు పరువునష్టం కేసుకు సిద్ధపడాలి. తప్పు చేసిన మనిషికీ పరువు ఉంటుంది. ఈ మాట అంగళ్ల యజమానులు బాగా గుర్తుపెట్టుకోవాలి.

అపోహ: గేటు దాటకపోతే దొంగతనం కాదు, తిరిగి ఇచ్చేస్తే కేసే ఉండదు.

వాస్తవం: దురుద్దేశంతో వస్తువును కదిలించడంతోనే నేరం పూర్తవుతుంది. బుట్టలో వేసుకోవడం వేరు, చీర కుచ్చిళ్లలో దాచడం వేరు. ఉద్దేశం రుజువు చేయాల్సింది మాత్రం ఫిర్యాదు పక్షమే. తిరిగి ఇవ్వడం వల్ల శిక్ష తగ్గవచ్చు గానీ నేరం చెరిగిపోదు. సరుకు యజమాని ఒప్పుకుంటే 303 కేసులో రాజీకి చట్టమే దారి ఇచ్చింది. లోక్ అదాలత్‌లోనూ తేల్చుకోవచ్చు.

అపోహ: ఒక్కసారి కేసు పడితే బతుకు అయిపోయినట్టే.

వాస్తవం: మొదటి తప్పు చేసినవాళ్ల కోసం 1958 నుంచే ప్రొబేషన్ చట్టం ఉంది. దొంగతనం కేసుల్లోనూ మందలించి వదిలే అధికారం కోర్టుకు ఉంది. అలా వదిలిపెట్టినవాళ్లకు, నేరం రుజువైనందువల్ల వచ్చే అనర్హత వర్తించదని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఉద్యోగ దరఖాస్తులో కేసు సంగతి అడిగితే మాత్రం దాచకూడదు. కేసు చిన్నదే అయినా, దాచినందుకు ఉద్యోగం పోయే ప్రమాదముంది. 18 ఏళ్ల లోపు పిల్లలను అసలు జైలుకు పంపకూడదు. వాళ్ల సంగతి చూసేది జువెనైల్ జస్టిస్ బోర్డు. ఇలాంటి చిన్న కేసుల్లో, పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప, పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కూడా రాయకూడదని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నియమాలు చెబుతున్నాయి.

మన జిల్లాల నుంచి అమెరికాకు చదువుకు వెళ్లే పిల్లలకు ఒక మాట. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో, కొన్ని సరుకులకు డబ్బు కట్టలేదన్న ఆరోపణతో ఇద్దరు తెలుగు విద్యార్థినులను అరెస్టు చేశారు. రెట్టింపు కడతామన్నా పోలీసులు వదలలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. దొంగతనం చేస్తే వీసా రద్దు కావచ్చని 2025 జులైలో అమెరికా రాయబార కార్యాలయం హెచ్చరించింది. అక్కడ మొదటిసారి అన్న మాట వీసాను కాపాడుతుందని అనుకోవద్దు.

ఇక్కడ చిక్కుల్లో పడ్డవాళ్లలో చాలామందికి వకీలు ఫీజు బెంగ అక్కర్లేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పెట్టాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. ఈ ఉచిత న్యాయ సహాయానికి ఫోన్ నంబరు 15100.