చింతపిక్కలు జరిపితే చదువొస్తుందా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వాళ్లబ్బాయి రెండో తరగతి. కథ ఒక్కసారి వింటే చాలు, పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. పుస్తకం చేతికిస్తే మాత్రం మొదటి వాక్యంలోనే నీళ్లు నములుతాడు. కళ్ల డాక్టరుకు చూపించారు, చూపు బాగానే ఉందన్నారు. బళ్లో కౌన్సిలర్ గమనించి స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరికి పంపారు. అక్కడ కాగితం మీద గళ్లు గీసి, వాడిచేత చింతపిక్కలు జరిపిస్తున్నారట. దీనివల్ల చదువెలా వస్తుందని ఆవిడ సందేహం.

ఈ మధ్య నాకొచ్చిన ప్రశ్నల్లో ఇంత మంచిది లేదు.

ముందు ఎవరి పనేమిటో క్లుప్తంగా. పిల్లవాడి భయాలు, బడికి రానని మొండికేయడం, ఇంటి గొడవలు, తోటివాళ్ల వెక్కిరింతలు కౌన్సిలర్ చూస్తారు. చదువులో చిక్కుముడి ఎక్కడ పడిందో వెతికి విప్పేది స్పెషల్ ఎడ్యుకేటర్. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఆదేశాలిచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సిలర్ ఒకరైనా ఉండాలంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక తరగతుల్లో 10 మందికొకరు, పై తరగతుల్లో 15 మందికొకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలని 2021లోనే చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఇక పిక్కల సంగతికొద్దాం, కాకపోతే కళ్ల డాక్టర్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

చదవలేకపోవడాన్ని మొదట పట్టుకున్నది కళ్ల డాక్టర్లు. ‘డిస్లెక్సియా’ అనే పేరు పెట్టిన రుడాల్ఫ్ బెర్లిన్ జర్మనీలో నేత్రవైద్యుడు. ‘పుట్టుకతో వచ్చే పదాంధత్వం’ అంటూ పుస్తకం రాసిన హిన్షెల్‌వుడ్ గ్లాస్గోలో నేత్రవైద్యుడు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లీషు డాక్టరు పర్సీ అనే పద్నాలుగేళ్ల కుర్రాడి గురించి రాశాడు. తన పేరులోనే అక్షరాలు తారుమారు చేసి రాసే ఆ పిల్లవాణ్ణి, చదువంతా నోటితోనే అయితే బళ్లోకెల్లా తెలివైనవాడు వీడేనని వాళ్ల మాస్టారు మెచ్చుకున్నాడట. జవాబు ఆ మెప్పులోనే ఉంది గానీ, వైద్యుల దృష్టి కంటి మీంచి కదల్లేదు.

తర్వాత అమెరికాలో శామ్యూల్ ఆర్టన్ వచ్చాడు. మెదడు కుడి సగంలో అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుందనీ, దాన్ని అణచలేని పిల్లలు ‘బి’ని ‘డి’గా చూస్తారనీ 1925లో సిద్ధాంతం చేశాడు. ఎంత అందంగా ఉందంటే యాభై ఏళ్లు చెల్లిపోయింది. ఇప్పటికీ డిస్లెక్సియా అనగానే తిరగబడ్డ అక్షరాలే చెబుతారు. నిజానికి అక్షరాలు నేర్చుకునే వయసులో చాలామంది పిల్లలు వాటిని తిప్పి రాస్తారు. ఆవు కుడివైపు తిరిగినా ఎడమవైపు తిరిగినా ఆవేనని మన మెదడుకు పుట్టుకతో తెలుసు. ఆ తెలివి ఒక్క అక్షరాల దగ్గరే అడ్డొస్తుంది.

ఆర్టన్ సిద్ధాంతాన్ని 1970లలో ఫ్రాంక్ వెల్యుటినో చిన్న ప్రయోగంతో కూల్చాడు. చదవలేని పిల్లలకూ చదవగలిగే పిల్లలకూ, ఇద్దరికీ తెలియని హీబ్రూ అక్షరాలు చూపించి, చూసినట్టే రాయమన్నాడు. ఇద్దరూ ఒకేలా రాశారు. కంటిదే లోపమైతే హీబ్రూ కూడా తిరగబడాలి కదా! తిరగబడలేదు. పిల్లలు అక్షరాన్ని సరిగానే చూస్తున్నారు, దాన్ని శబ్దంతో ముడివేయలేకపోతున్నారు.

మరి శబ్దంతో ఏమిటి ఇబ్బంది? వాళ్లకు చెవుడు లేదు, మాట చక్కగా ఉంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇక్కడే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం పుస్తకం చదివిపెట్టే యంత్రం చేయాలని అమెరికాలోని హాస్కిన్స్ లేబొరేటరీస్‌లో ఫ్రాంక్లిన్ కూపర్, ఆల్విన్ లిబర్మన్ పూనుకున్నారు. అక్షరానికో ధ్వని పెడితే చాలనుకున్నారు. ఘోరంగా విఫలమయ్యారు. ఎంత సాధన చేసినా వినేవాళ్లు మామూలు మాట వేగాన్ని దరిదాపుల్లోకి కూడా అందుకోలేకపోయారు. మనిషి మాట్లాడేటప్పుడు సెకనుకు పది పదిహేను ధ్వనులు దొర్లిస్తాడు, వినేవాడికి ఏ కష్టమూ ఉండదు. అదెలా?

మాటను బొమ్మగా మార్చి చూస్తే గుట్టు తెలిసింది. ‘డి’ అన్నప్పుడూ ‘డు’ అన్నప్పుడూ మొదటి హల్లు ఒకటే అనుకుంటాం. బొమ్మలో ఒకచోట గీత పైకి లేస్తోంది, రెండోచోట కిందికి దిగుతోంది. రెంటికీ పోలికే లేదు! ‘డి’ని రికార్డు చేసి, చివరినుంచి కొంచెం కొంచెంగా టేపు కత్తిరించుకుంటూ పోతే ఎక్కడా ఒట్టి ‘డ్’ దొరకదు. అయితే ఇంకా ‘డి’యే వినిపిస్తుంది, లేదంటే పిట్ట కూతలాంటి చప్పుడు. ‘డ్’ పలికేటప్పటికే నాలుక ‘ఇ’కి సిద్ధమైపోతుంది. హల్లూ అచ్చూ పాలూ నీళ్లలా కలిసిపోతాయి కాబట్టే అంత వేగం సాధ్యం. అంటే మనం ‘ధ్వని’ అని పిలిచేది గాలిలో విడిగా లేనే లేదు. దాన్ని మెదడు కట్టుకోవాలి.

ఆల్విన్ భార్య ఇసబెల్ లిబర్మన్ దీన్ని బడికి తీసుకెళ్లింది. 1974లో ఆవిడ పిల్లల చేతికి చిన్న కర్రపుల్ల ఇచ్చి, మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు బల్ల మీద కొట్టమంది. అక్షరాలను, అంటే ‘కి-టి-కీ’ లాంటి ముక్కలను, నాలుగేళ్ల పిల్లల్లో దాదాపు సగం మంది లెక్కపెట్టారు. విడి ధ్వనులను ఒక్కరూ లెక్కపెట్టలేదు. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి 70 శాతం మంది పెట్టగలిగారు. ఇది వయసుతో దానంతటదే వచ్చే విద్య కాదని తేల్చింది 1979లో పోర్చుగల్‌లో జోసే మొరైస్ బృందం. చదువురాని పెద్దవాళ్లను మాటలోంచి మొదటి హల్లు తీసేసి పలకమంటే చాలామంది చేయలేకపోయారు. పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్నవాళ్లు చేయగలిగారు. చదువు చెవిని మారుస్తుందన్నమాట. ఎందరో పిల్లల్లో ఆ మార్పు దానంతటదే వస్తుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి ఇదే చాలా కష్టంగా, ఆలస్యంగా వస్తుంది. వాళ్ల తెలివికీ దీనికీ సంబంధం లేదు.

అదీ చింతపిక్కల పని. సోవియట్ మనస్తత్వవేత్త డానియిల్ ఎల్కోనిన్ ఈ గళ్లను కనిపెట్టాడు. ధ్వనికో గడి. ‘కి’ అంటూ ‘క్’కు ఒక పిక్క, ‘ఇ’కి ఇంకో పిక్క జరుపుతారు. గాలిలో విడిగా లేనిదాన్ని వేలికి అందేలా చేయడం అది. కాసేపటికి పిక్కల స్థానంలో అక్షరాలు వస్తాయి, రావాలి కూడా. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ 1983లో ప్రచురించిన ప్రయోగంలో ఒట్టి ధ్వనుల ఆట ఆడిన పిల్లలకన్నా, ధ్వనులతోబాటు ప్లాస్టిక్ అక్షరాలు కూడా పట్టుకున్న పిల్లలు బాగా చదివారు. ఆ అబ్బాయి పిక్కలు జరుపుతుంటే జరపనివ్వండి. నెలలు గడిచినా గళ్లలోకి అక్షరాలు రాకపోతే అప్పుడు అడగండి.

మన లిపి దగ్గర ఈ కథ ఇంకో మెలిక తిరుగుతుంది. తెలుగు అక్షరం ధ్వనిని కాక, హల్లూ అచ్చూ కలిసిన ముక్కనే రాస్తుంది. నాలుగేళ్ల పిల్లలు కూడా లెక్కపెట్టగలిగిన ముక్క అది. అందుకే మనవాళ్లకు మొదటి మెట్టు సులువు. ‘పలక’, ‘అరక’ చకచకా చదివేస్తారు. గుణింతం మొదలయ్యాక అసలు పరీక్ష. ‘క’కు గుడిస్తే కి, కొమ్మిస్తే కు అని అనిపించడంలో మన పూర్వులు ధ్వనిని విడగొట్టే పాఠాన్నే పెట్టారు, హల్లు నిలబెట్టి అచ్చు మార్చమని. దాన్ని మనం పాటగా మార్చి పాడుచేశాం. మూకుమ్మడిగా గడగడా పాడేసే తరగతిలో, ‘మ’కు కొమ్మిస్తే ఏమవుతుందని నడుమనుంచి ఒక్కణ్ణి అడిగి చూడండి. ‘మ’ దగ్గర్నుంచి మళ్లీ పాడుకుంటూ వస్తాడు.

ఒత్తులు మరీ గడుసువి. ‘ఆస్తి’ అనే మాటలో ‘ఇ’ వినపడేది ‘త’ తర్వాత. గుడి ఎక్కి కూర్చునేది ‘స’ నెత్తిన. ‘ఆసిత’ అని చదివిన పిల్లవాడు కంటికి కనిపించిన వరసలోనే చదివాడు పాపం, తర్కం వాడిదే. ‘పుస్తకం’ చెవికి పుస్-త-కం, కాగితం మీద పు-స్త-కం. మంచి స్పెషల్ ఎడ్యుకేటర్ ఇలాంటిచోట ఆగుతారు. నాలుగు పిక్కలు పెట్టి ఆ-స్-త్-ఇ అని జరిపించి, అప్పుడు ఒత్తు రాయిస్తారు. మన లిపికి చుట్టమైన కన్నడంలో సోనాలీ నాగ్ పరిశోధన కూడా ఈ మాటే చెప్పింది: విడి ధ్వనుల ఎరుక అక్కడి పిల్లలకు నెమ్మదిగా వస్తుంది, అక్షరాలన్నీ పట్టుబడడానికి ఒకటి రెండు తరగతులు చాలవు. ఇంగ్లీషు మీడియం పిల్లవాడు ఆ నెమ్మది కుదిరేలోపే, ధ్వనికో గుర్తు పెట్టి అదైనా నిలకడగా పాటించని లిపిలోకి దిగాలి.

చట్టం ఇచ్చే ప్రయోజనాల మాట అడుగుతారు కాబట్టి చెబుతాను, కొంత విసుగుతోనే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చదువులోని ఈ ఇబ్బందిని 21 వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టేవారి సాయం అడగొచ్చు. ఆ పత్రం మాత్రం ఎనిమిదేళ్లు వస్తేగానీ ఇవ్వరు. ఒకటో తరగతిలోనే కనపడే చిక్కుకు మూడో తరగతిలో కాగితం! ఈలోపు రంగు కళ్లద్దాలూ కంటి కసరత్తులూ అమ్మేవాళ్లు బేరానికి వస్తారు. వాటికి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల డాక్టర్లూ కళ్ల డాక్టర్లూ కలిసి 2009లోనే ప్రకటించారు. ఆర్టన్ దెయ్యం ఇంకా వదల్లేదు.

మీ పిల్లవాడు అక్షరాలు గుర్తుపడుతూ కూడా ఒకటో తరగతి పూర్తయ్యేనాటికి గుణింతాల మాట కూడబలుక్కోలేకపోతే ఎనిమిదేళ్లదాకా కూర్చోకండి. బడిలో కౌన్సిలర్‌ని అడగండి. లేకపోతే ఏపీలోనైనా తెలంగాణలోనైనా మండలంలోని భవిత కేంద్రంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే ఐఈఆర్‌పీని కలవండి. బోధన మొదలుపెట్టడానికి ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు.